కాన్పు ఎక్కడమ్మా?

కొల్లేటి పక్కన ఓ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేసి రిటైరయ్యాను. ఊళ్లో దాన్ని అంత పొడుగు పేరుతో ఎవరూ పిలవరు, "మన ఆసుపత్రి" అంటారు. నన్ను నర్సమ్మగారు అంటారు. నా పేరు మార్తమ్మ అని చర్చికొచ్చేవాళ్లకి తప్ప పెద్దగా తెలియదు.

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలిద్దరు మా ఇంటికొచ్చారు. రిజిస్టర్లు ఎలా రాయాలో అడుగుతారేమో అనుకున్నాను. వాళ్లడిగింది వేరు. "ఏ ఇబ్బందీ లేని గర్భిణికి కాన్పు ఎక్కడ చేయించుకోమని చెప్పాలండి? మా దగ్గరే అంటే మాకు భయం. ఏలూరు వెళ్లమంటే, 'మరి మీరెందుకు ఇక్కడ?' అని వాళ్లంటున్నారండి."

అమ్మాయిలూ, మీకు ఆరోజు టీ ఇచ్చి పైపైన ఏదో చెప్పి పంపేశాను. అసలు సంగతి చెప్పాలంటే నేను చేసిన తప్పులు చెప్పాలి, అవి టీ తాగేలోపు అయ్యేవి కావు. అందుకని రాస్తున్నాను. బదిలీలూ, ఇంక్రిమెంట్లూ ఇందులో ఉండవు. అవి నాకే విసుగు.

నా భయానికి ఆమె ప్రయాణం

మా ఊరికి రోడ్డంటే చెరువు గట్టే. రెండుపక్కలా చేపల చెరువులు, మధ్యలో ఒక లారీ పట్టేంత గట్టు. అది దాటితేనే హైవే. ఏలూరు వెళ్లాలన్నా గూడెం టౌను వెళ్లాలన్నా ఆ గట్టు ఎక్కాల్సిందే.

నేను చేరిన కొత్తలో ఓ కాన్పు కేసుని పెద్దాసుపత్రికి పంపడం ఆలస్యమైంది. తల్లీబిడ్డా బాగానే ఉన్నారు గానీ, మీటింగులో పై ఆఫీసరు అందరి ముందూ నన్ను నిలబెట్టి కడిగిపారేశారు. ఆ రోజు నుంచీ నేనో తెలివైన పని మొదలుపెట్టాను. ఎవరు వచ్చినా "ఏలూరు వెళ్లిపో అమ్మా" అనేదాన్ని. నా చేతి మీద కాన్పు లేకపోతే నా మీద మాటా లేదు కదా.

ఆ రోజుల్లో ధనలక్ష్మి వచ్చింది. మా ఆసుపత్రికి రెండు వీధుల అవతల ఇల్లు. మొగుడు చెరువుల మీద మేత వేసే పనికెళ్లేవాడు. రెండో కాన్పు, మొదటిది సుఖంగా అయింది. బీపీ బాగుంది, రక్తం బాగుంది, బిడ్డ తల కిందికి తిరిగి బుద్ధిగా ఉంది.

"మీ దగ్గరే కంటానండి. మీరుంటే నాకు ధైర్యమండి" అంది.

"ఏలూరు వెళ్లు. అక్కడ అన్నీ ఉంటాయి."

"అన్నీ అంటే ఏంటండీ?"

నాకు ఒళ్లు మండింది. "చెప్పింది చెయ్యమ్మా, ఎదురు ప్రశ్నలొద్దు" అన్నాను. కార్డు మీద "ఏలూరు" అని రాసి చేతిలో పెట్టాను.

నొప్పులొచ్చిన రోజు పొద్దున తొమ్మిదింటికి వాళ్ల ఆటో మా గుమ్మం ముందునుంచే వెళ్లింది. కిటికీలోంచి చూసి "అమ్మయ్య" అనుకున్నాను. ఆ అమ్మయ్య గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

అరగంట తిరక్కుండా ఓ మనిషి సైకిలు పడేసి లోపలికి పరిగెత్తుకొచ్చాడు. "నర్సమ్మగారూ, గట్టు మీద కనేస్తందండి!"

ఆ రోజు పెద్ద చెరువు పట్టుబడి. తెలియనివాళ్లకి చెబుతున్నాను: పెంచిన చేపల్ని వలలు లాగి పట్టి, ఐసు వేసి, లారీలకెత్తే రోజును పట్టుబడి అంటారు. ఆ రోజు గట్టు మీద లారీ వెనక లారీ. ఆటో సగం దూరం వెళ్లాక ముందు లారీ కదల్లేదు, వెనక ఐసు లారీ వచ్చి నిలబడింది. ఇటు రాలేరు, అటు పోలేరు.

నేను కిట్టు పట్టుకుని, ఆ సైకిలు వెనక కూర్చుని వెళ్లేసరికి, వల లాగే మగాళ్లు ఆటో చుట్టూ టార్పాలిన్ పట్టుకుని, వీపులు తిప్పి నిలబడి ఉన్నారు. ఒళ్లంతా బురద. లోపల బిడ్డ పుట్టేసింది. ఆడపిల్ల, గట్టిగా ఏడుస్తోంది. బొడ్డు కోశాను. మాయ పడ్డాక రక్తం కొంచెం ఎక్కువే పోయింది. ఇంజెక్షన్ ఇచ్చి, పొత్తికడుపు మీద రుద్దుతూ కూర్చున్నాను. నా సర్వీసులో అంత పొడుగు పావుగంట మరొకటి లేదు. ఎలాగో ఆగింది. టార్పాలిన్ అవతల ఎవరో "తల్లి బాగుందాండీ?" అని అడిగితే "బాగుంది" అని చెప్పడానికి నాకు గొంతు పెగల్లేదు.

ధనలక్ష్మి పాలిపోయిన మొహంతోనే నవ్వింది. "మీ దగ్గరే కంటానన్నాను కదండీ. మీరే వద్దన్నారు" అంది. దెప్పిపొడుపు కాదది. ఉన్న మాట చెప్పింది, అంతే.

డాక్టరుగారి స్కూటరు

అప్పట్లో మా డాక్టరుగారు శారదగారు. సన్నగా, పొట్టిగా, గట్టిగా మాట్లాడని మనిషి. నేను ఆవిడ గదిలోకి వెళ్లి జరిగిందంతా చెప్పాను. అరుస్తారనుకున్నాను. అరిచినా బాగుండేది.

"మార్తా, నువ్వు భయపడింది ఎందుకు? ఆ పిల్లకి ఏమవుతుందోననా, నీకు ఏమవుతుందోననా?" అన్నారు.

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవనిచ్చారు. మర్నాడు పొద్దున నన్ను స్కూటరు వెనక ఎక్కించుకుని గట్టు మీదికి తీసుకెళ్లారు. అడుగడుగునా ఆపి అడుగుతారు. "ఇక్కడ ఆటో ఆగితే ఏం చేస్తావు? ఎదురుగా లారీ వస్తే ఎక్కడ పక్కకి తీస్తారు? వానకి ఈ వంపులో జారదా?" హైవే దగ్గరికి వెళ్లేసరికి నాకు అర్థమైంది. కార్డు మీద ఏలూరు అని రాశానే తప్ప, నొప్పులతో ఉన్న మనిషిలా ఆ దారిన నేను ఒక్కసారీ వెళ్లలేదు.

తిరిగొచ్చాక ఆవిడ చెరువుల యజమానుల్ని పిలిపించారు. బతిమాలలేదు, బెదిరించలేదు. "ఆసుపత్రిలో నొప్పుల కేసు ఉన్నంతసేపూ లారీ గట్టెక్కకూడదండి. కేసు ఉందని మేం కబురు చేస్తాం. అయిపోయిందనీ మేమే కబురు చేస్తాం. మధ్యలో మీ లారీ హైవే దగ్గర ఉండాలి" అన్నారు. ఐసు కరిగిపోతుందని ఒకాయన గొణిగాడు. టార్పాలిన్ పట్టుకున్న వాళ్లలో ఒకతను, వెనక నిలబడి, "కరిగితే కరగనివ్వండి" అన్నాడు. అంతటితో తేలిపోయింది. ఆ కట్టుబాటు నేను రిటైరయ్యేదాకా తప్పలేదు.

ఇక్కడే కాన్పు చేయడం అంటే, అవసరమైతే ఇక్కడినుంచి తీసుకెళ్లే దారి కూడా మన చేతిలో ఉండటం అని శారదగారు నేర్పారు. ఆ రెండోది లేకుండా మొదటిదానికి ఒప్పుకోవద్దు, అమ్మాయిలూ.

చాప, డైరీ

అప్పటినుంచి నా పద్ధతి మారింది. ఏడో నెల వచ్చిన ప్రతి అమ్మాయినీ వరండాలో చాప వేసి కూర్చోబెట్టేదాన్ని. బల్ల ఇవతలా అవతలా కూర్చుంటే మనం ఆఫీసరు అయిపోతాం, చాప మీద కాము. "కాన్పు ఎక్కడ చేయించుకోవాలని ఉందమ్మా?" అని అడిగి, నోరు మూసుకోవడం. ఈ రెండోది నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మా వైపు తొలిచూలుకి పుట్టింటికి తీసుకెళతారు. అత్తారిల్లు ముదినేపల్లి దగ్గర, పుట్టిల్లు పెదవేగి దగ్గర అనుకోండి. ఎనిమిది నెలలు చూసిన నర్సు ఒకరు, కాన్పు చేసే నర్సు ఇంకొకరు. కార్డు అత్తారింట్లో దేవుడి పటం వెనక మిగిలిపోతుంది. అందుకని నేను ముందు అడిగేది, "ఎప్పుడు వెళతావు, ఎవరింటికి వెళతావు, అక్కడ నీ కార్డు ఎవరు చూస్తారు?" అని. మొగుడు పేరు తర్వాత అడగొచ్చు.

నా డైరీలో ఒకవైపు కాన్పు తేదీలు, పక్కన ఏ చెరువు పట్టుబడి ఎప్పుడో ఉండేది. చెరువు కాపలావాళ్లు నాకు ముందే కబురు చేసేవాళ్లు. "ఏంటి నర్సమ్మగారూ, బొచ్చె చేపల వ్యాపారం పెట్టారా?" అని వేళాకోళం చేసేవాళ్లు. చెయ్యనీ.

ఏ ఇబ్బందీ లేదన్న మాట ఈ రోజు వరకే అని గుర్తుపెట్టుకోండి. వచ్చే వారం బీపీ పెరిగితే మన మాట మారాలి, మారిందని మొహమాటం లేకుండా చెప్పాలి. తొలి కాన్పుకి నొప్పులు ఎక్కువసేపు సాగుతాయి, మధ్యలో పెద్దాసుపత్రికి మార్చాల్సి రావడమూ ఎక్కువే. అది వాళ్ల దగ్గర దాచకండి. ముందు సుఖంగా కన్నవాళ్లకి, బిడ్డ తల కిందికి ఉన్నవాళ్లకి, అన్నీ సవ్యంగా ఉన్నవాళ్లకి మన చిన్న ఆసుపత్రి బాగానే సరిపోతుంది. మన చేతికి కాన్పుల అలవాటు తప్పకుండా ఉంటేనే, దారి తెరిచి ఉంటేనే.

ముహూర్తం పెట్టుకుని కోత కోయించుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంటే. కడుపులో బిడ్డకి పంచాంగం చూడటం రాదు. అలాగని ప్రైవేటు ఆసుపత్రులన్నీ చెడ్డవని నేననను. మన ఆడవాళ్లు అప్పులు చేసైనా అక్కడికి ఎందుకు పోతున్నారో ఎప్పుడైనా అడిగారా? నేను అడిగాను. "అక్కడ తిట్టరండి" అని చెప్పారు. నేనూ అరిచాను, నొప్పులతో ఉన్న పిల్లల మీద. ఆ పిల్లల్లో కొందరు ఇప్పుడు బజార్లో కనిపిస్తే తల తిప్పుకుంటారు. మీరు నాలా కావద్దు.

మా సుజి

ఇక చెప్పడానికి కష్టమైన భాగం.

మా అమ్మాయి సుజాతను గూడెం ఇచ్చాం. అల్లుడికి మోటార్లు బాగుచేసే షాపు ఉంది. వియ్యపురాలు విజయగారు స్కూలు టీచరుగా చేసినావిడ. నా సర్వీసు ఆఖరి ఏడాదిలో సుజి నీళ్లోసుకుంది. అన్నీ సవ్యంగా ఉన్నాయి. అన్నీ సవ్యంగా ఉన్న మనిషికి ఏం చెయ్యాలో ఊరందరికీ చెప్పిన నేను, ఎవరితోనూ అనకుండా ఏలూరులో నాలుగంతస్తుల నర్సింగ్ హోంలో పేరు రాయించి వచ్చేశాను.

ధనలక్ష్మి అప్పటికి మా ఊరి ఆశా కార్యకర్త. ఊళ్లో గర్భిణులందర్నీ నా దగ్గరికి తీసుకొచ్చేది ఆమే. టీకాల రోజున, వరండా నిండా ఆడవాళ్లుండగా, చంటిబిడ్డని పట్టుకుని మామూలుగా అడిగింది. "మా పిల్లలకైతే ఇక్కడే పర్లేదంటారు. సుజమ్మకి మాత్రం ఏలూరాండి?"

"దానికి తొలి కాన్పు కదే" అన్నాను.

"మొన్న ఈ చాప మీద కూర్చున్న పిల్లదీ తొలి కాన్పేనండి."

అందరూ తలలు దించుకున్నారు. సిరంజి చేతిలో ఉంది గనక ఆ పని చూసుకున్నాను.

ఇంటికెళితే సుజి వచ్చి ఉంది. అసలు సంగతి దానికి చెప్పాను. అది అన్నం కలుపుతూ ఆగిపోయింది.

"నన్నెవరైనా అడిగారా అమ్మా?"

"నీ మంచికే కదే."

"అందర్నీ చాప వేసి కూర్చోబెట్టి అడుగుతావంట. ధనలక్ష్మత్త గొప్పగా చెబుతుంది. నాకు చాప లేదా?"

అమ్మో, అది పుట్టినప్పటినుంచీ ఇంతే. మర్నాడు పొద్దున ఇంట్లోనే చాప వేశాను. ఎదురుగా కూర్చుని, పరాయి పిల్లని అడిగినట్టే అడిగాను. "కాన్పు ఎక్కడ చేయించుకోవాలని ఉందమ్మా?"

"గూడెంలో. అత్తయ్యగారింట్లో ఉండి."

నా నెత్తిన పిడుగు పడ్డట్టయింది. తొలిచూలు పుట్టింట్లో కాక అత్తారింట్లోనా! కూతురికి కాన్పు చెయ్యలేని తల్లి, అదీ నర్సు! చర్చిలో ఆడవాళ్లు ఏమంటారో నాకు అప్పుడే వినిపించింది. అయినా నోరు మూసుకున్నాను. చాప మీద కూర్చున్నప్పుడు నియమం అదే కదా.

"మన ఆసుపత్రి ఎందుకొద్దంటే," అంది సుజి, "నువ్వుంటే నేను నొప్పులు పడలేనమ్మా. నేను మూలిగితే నీ మొహం మారిపోతుంది. నొప్పులు పడాలా, నిన్ను ఓదార్చాలా? ఏలూరు ఎందుకొద్దంటే, మధ్యలో గట్టుంది. గూడెంలో ఆసుపత్రి మా ఇంటికి ఐదు నిమిషాలు. డాక్టరమ్మ తొందరపెట్టదు, సాధ్యమైనంతవరకు మామూలు కాన్పుకే చూస్తుంది. ఆపరేషన్ చెయ్యాల్సొస్తే అదే మేడ మీద చేస్తారు. ఆయన్ని పక్కన ఉండనిస్తారు. తొలి కాన్పుకి దారి దగ్గరుండాలని నువ్వే చెబుతావు కదా అందరికీ."

తప్పు పట్టుకుందామని వెతికాను. ఒక్కటీ దొరకలేదు. అన్నీ నేను చెప్పినవే.

ఊరుకుంటానా? ఓ రోజు గూడెం వెళ్లి, ఉల్లిపాయల లారీలు మార్కెట్టుకొచ్చే వేళ చూసుకుని, వాళ్లింటినుంచి ఆసుపత్రిదాకా నడిచాను. తిరిగి నడిచాను. విజయగారు గుమ్మంలో నిలబడి, "వదినగారూ, నడక పోటీకొచ్చారాండి?" అని నవ్వారు. "ఆయ్, ప్రాక్టీసండి" అన్నాను. దారి బాగానే ఉంది. ఏలూరులో పేరు కొట్టించేశాను.

చర్చిలో నేననుకున్న మాటలే అన్నారు. "కూతుర్ని తెచ్చుకోలేదంట" అన్నారు. పడ్డాను.

దారి ఎవరికి

సుజికి రాత్రి మొదలైన నొప్పులు ఎక్కువయ్యాయని ఉదయం ఏడింటికి ఫోనొచ్చింది. అప్పటికే మా లేబరు గదిలో ఇంకో అమ్మాయి ఉంది. కొల్లేటి మధ్య లంకలో ఉండే పిల్ల, రెండో కాన్పు. నా జతగా ఉండాల్సిన నర్సు సెలవులో ఉంది. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని ఉంది.

"వెళ్తారాండి?" అంది ధనలక్ష్మి మెల్లగా.

వెళ్లాలని ప్రాణం కొట్టుకుపోయింది. అబద్ధం ఎందుకు? కానీ ఆ పిల్ల కూడా చాప మీద కూర్చుని, "మీరుంటే ఇక్కడే కంటానండి" అన్నదే. ఆ మాట ఒకసారి విని, ఏలూరు పొమ్మన్న మనిషిని నేను. ఫోను తీసి సొరుగులో పడేశాను. "గట్టు మీదికి కబురు చెయ్యి, ఇక్కడ కేసుందని" అన్నాను. ఆ రోజు పెద్ద చెరువు పట్టుబడి. లారీలు హైవే దగ్గరే ఆగిపోయాయి.

ఆ మూడున్నర గంటలూ ఎలా గడిచాయో చెప్పలేను. ఆ పిల్ల మూలిగినప్పుడల్లా అక్కడ సుజి మూలుగుతోందనిపించేది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ప్రార్థన చేస్తున్నానని నాకే తెలియలేదు, ధనలక్ష్మి చెప్పింది, పెదవులు ఆడుతున్నాయని. పదిన్నరకి మగపిల్లాడు పుట్టాడు. రక్తం అదుపులోనే ఉంది. తల్లి బిడ్డకి పాలిస్తోంది. ఇంకాసేపు కూర్చుని, అంతా కుదుటపడిందని చూశాక సొరుగు తీశాను.

విజయగారివి ఆరు ఫోన్లు. ఫోను చేస్తే ఆవిడ గొంతు సరిగా వినిపించడం లేదు, వెనక ఏదో పిల్ల గోల. "వదినగారూ, వినపడుతుందాండి? మన మనవరాలండి! మామూలు కాన్పేనండి! ఇద్దరూ బాగున్నారు!"

నేను లేబరు గది బయట నేల మీద కూలబడి ఏడ్చాను. ధనలక్ష్మి పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఎన్నేళ్లనుంచి గుండెల మీద ఉన్న బరువో అది, దిగిపోయింది. ఆ రోజు కిటికీలోంచి ఆటో చూసి అనుకున్న అమ్మయ్య ఇప్పుడు నిజంగా అనగలిగాను.

మధ్యాహ్నం డ్యూటీ ఆమె వచ్చాక చీర మార్చుకుని ఆటో ఎక్కాను. గట్టు సగం దాటేసరికి ముందు లారీ. వెనక్కి తిరిగి చూస్తే ఐసు లారీ. బొచ్చెలూ శీలావతులూ ట్రేలలో మెరుస్తున్నాయి. ఇటు రాలేం, అటు పోలేం.

దిగి వెళ్లి అరిచాను. "ఏంటయ్యా ఇది? నేను గూడెం వెళ్లాలి!"

గట్టు మీద పెద్ద కాపలాదారు, నెరిసిన మీసాలాయన, తాపీగా బీడీ ఆర్పాడు. "మీ ఆసుపత్రి నుంచే కదండీ, కేసు అయిపోయింది, లారీలు ఎక్కించుకోండని ఫోను చేశారు!"

నిజమే. చేయించింది నేనే.

"మా అమ్మాయికి కాన్పయింది నాయనా. అమ్మమ్మనయ్యాను."

ఆయన మొహమంతా నవ్వు. "అబ్బో, శుభమండి! పిల్ల పుట్టేసిందా?"

"పొద్దున్నే."

"తల్లి బాగుందాండీ?"

"బాగుంది."

"మరింకేంటండీ తొందర? ఈ గట్టు మీద దారి నొప్పులు పడేవాళ్లకండి, అమ్మమ్మలకి కాదు" అని ఓ ట్రే బోర్లించి, గుడ్డతో తుడిచి, కూర్చోమన్నాడు.

కూర్చున్నాను. ధనలక్ష్మి బిడ్డని కన్నది ఇంచుమించు అక్కడే. ఆనాడు ఎవరో టార్పాలిన్ అవతలనుంచి ఇదే మాట అడిగితే నాకు గొంతు పెగల్లేదు. ఇన్నేళ్ల సర్వీసులో ఈ గట్టు మీద నేను తొందరలేకుండా కూర్చోవడం అదే మొదటిసారి. నీళ్ల మీద ఎండ పడుతోంది, వలవాళ్లు పాట అందుకున్నారు. ఇంకో గంట కూర్చోమన్నా కూర్చునేదాన్నే.

నాలుగింటికి గూడెం చేరాను. సుజి పక్కలో మూటలా చుట్టిన బిడ్డ.

"ఇంతసేపేంటమ్మా?"

"పట్టుబడి" అన్నాను.

అది నా వంక ఒక్క క్షణం చూసి, పడీపడీ నవ్వడం మొదలుపెట్టింది. "నవ్వించకమ్మా తల్లీ, కుట్లు లాగుతున్నాయి!"